మూడుసార్లు పిలిచిన పేరు

గుమ్మంలోనే నిలబడిపోనావేటే పోతమ్మా? లోపలికి రా. ఎండలో నడిసొచ్చినావు, మొకం సూడు ఎలగైపోనాదో! కూకో. కుర్చీ వద్దా? సరే, సాప మీద కూకో. నీల్లు ఇత్తానుండు.

వద్దా?

నా ఇంట్లో నీల్లు కూడా తాగవన్నమాట. సరేలే. ఊరంతా అదే వరస పొద్దున్నించీ. "సూర్యకళప్ప నోరే ఇంత పని సేసింది" అని గట్టు మీద గుసగుసలు. నాకు ఇనపడనేదనుకున్నారు. ఏం, ఒడ్డు మీద సేపల ఏలంపాట పాడేది ఈ నోరు కాదా? పడవ వచ్చీసరికి గంప సుట్టూ జనం మూగితే, "ఒకటోసారీ, రెండోసారీ" అని అవతలి పడవకి ఇనపడేలాగ అరిసేది ఎవరు? ఈ నోటితోనే కదా మీ అందరి సేపలూ మంచి ధరకి పోనాయి! అప్పుడు బాగున్నాది. ఇప్పుడు దొరబాబు ఫోను పలక్కపోతే నా నోరు సెడ్డదైపోనాదా?

నీ మొగుడు బాగానే ఉంటాడే. ఫోను ఆపుకున్నాడంతే. రేపు కోర్టు కదా, లాయరే ఆపుకోమన్నాడేమో.

ఏటి? లాయరు కూడా ఆడి కోసం ఎతుకుతన్నాడా? నీకెవరు సెప్పినారు?

ఊఁ.

బిడ్డని ఎవరికాడ వదిలినావు? మీ అమ్మకాడా? మంచి పని. పచ్చి బాలింతవి, ఇంత దూరం రాకూడదే నువ్వు. అన్నం తిన్నావా? పోనీ కొంచెం గంజి అయినా... అలాగ సూడకే తల్లీ. సెప్తాను. మన పొత్తు సంఘం మీటింగు రోజు నువ్వు పురిటికి ఎల్లున్నావు. పదిమందీ పది రకాలుగా సెప్పుంటారు. నా నోటితో ఇను.

యార్డులో కూలికెల్లిన నీలకంఠం టాంకీలో దిగినప్పుడు పైన తాడు పట్టుకున్నోడు నీ మొగుడు. లోపల గ్యాసుకి నీలకంఠం పడిపోతే, పైకి లాగింది ఆడే, అప్పటికే పేనం పోనాది. ఆ కాంట్రాక్టరేమో, నీలకంఠం ఆ రోజు పనిలోకే రానేదు, ఎక్కడో తాగి పడిపోనాడని రాయించీసినాడు. తాడు పట్టుకున్నోడు ఊరుకుంటాడా? సూసింది సూసినట్టు కోర్టులో సెప్తానన్నాడు. ఆ మాట అన్న కాడినుంచీ ఆడికి ఏ యార్డులోనూ పని నేదు. అందుకే మన పొత్తుకాడికి సాయం అడగడానికి వచ్చినాడు, కేసు తేలేవరకూ ఇల్లు గడవాల కదా అని.

తప్పేటి? పొత్తు ఉన్నది అందుకే కదా! మొదట్లో మగోల్లు ఎంత ఎగతాళి సేసీవోరు! "ఏ పార్టీతోటి అప్పా, పొత్తు?" అని. మన ఒడ్డు ఆడోల్లం గంపకి ఇంతని పక్కన పెట్టుకోవడమే మొదలు. తరవాత ఆటోనగర్ ఎల్డింగు షాపులోల్లు కలిసినారు. దువ్వాడ కాలనీ ఆడోల్లు కలిసినారు. ఆటోనగర్లో సెయ్యి నలిగినోడి కేసుకి మన సేపల డబ్బు ఎల్లింది. మన వలలు కాలిపోతే దువ్వాడోల్లు ఆదుకున్నారు, సముద్రం మొకం సరిగ్గా ఎరగనోల్లు!

దానం కాదే అది. దానమైతే ఇచ్చినోడు పైన కూకుంటాడు, పుచ్చుకున్నోడు కింద కూకుంటాడు. ఇక్కడ ఇయ్యాల ఇచ్చినోడే రేపు అడుగుతాడు. అడగడానికి సిగ్గుపడకూడదని నానే పెట్టినాను ఆ పద్ధతి. అడిగినోడి పేరు, ఎందుకు అడిగినాడో, అందరి ముందూ మూడుసార్లు పిలవాల. మూడోసారికి ఎవరూ అడ్డు సెప్పకపోతే సాయం ఖాయం. ఒడ్డు మీద పాట లాగే. సాటుమాటు నేదు. ఎవరికీ అనుమానం నేదు.

అవునే, అర్జునరావు అడ్డం వచ్చినాడు. నిజమే. ఆ ఎల్డింగు అర్జునరావే. "అప్పా, ఇది కోర్టు యవ్వారం. పేరొద్దు. ఎవరో ఒక కార్మికుడు అందాం సాలు" అన్నాడు.

నానేటన్నానో తెలుసా? "ఏటి బావా, తువ్వాల కింద ఏల్లు నొక్కి బేరమాడతావా? సంతలో గేదెని గానీ అమ్ముతన్నావా?" అన్నాను. అందరూ ఒకటే నవ్వు. అర్జునరావు కూడా తల గోక్కుని నవ్వీసినాడు. నీ మొగుడూ నవ్వినాడు. "పిలువప్పా! నాదేమన్నా దొంగ పేరా?" అన్నాడు. ఆడే అన్నాడే. అందరూ ఇన్నారు.

అన్నాడు కాబట్టే పిలిసినాను.

నాగశ్రీ ఉంది కదా, సిటీలో ఉద్యోగం సేసుకుంటా మన పొత్తు పనులు సూసిపెట్టే పిల్ల. అది ఫోను ఎత్తి పట్టుకున్నాది. "అప్పా, కొంచెం ఇటు తిరిగి పిలవండి. మిగతా ఊళ్లలో సంఘాలవాళ్లు చూసి నేర్చుకుంటారు" అన్నాది. మంచి మనసుతోనే అన్నాది. నాను తిరిగినాను. కొంగు సర్దుకుని మరీ తిరిగినాను.

"మైలపల్లి దొరబాబు! నీలకంఠం సావు కల్లారా సూసినోడు! కోర్టులో సెప్తానన్నోడు! ఒకటోసారీ!"

ఇప్పటికీ నా సెవుల్లో నా గొంతే మోగుతన్నాది. మూడోసారికి గది దద్దరిల్లింది. సప్పట్లు.

ఆ వీడియో ఏయే గ్రూపుల్లో తిరిగిందో ఆ దేవుడికే తెలియాల. నాగశ్రీ పంపింది సంఘాలోల్లకే. ఆల్లు ఇంకొకల్లకి. ఆ ఇంకొకల్లు ఎవరు? ఆల్ల తమ్ముడు ఎక్కడ పనిసేత్తన్నాడు? ఎవరి మావయ్య ఏ కాంట్రాక్టరుకాడ గుమస్తా? ఊల్లు కలిస్తే బలం అనుకున్నాను గానీ, ఎన్ని సెవులు కలిసినాయో అనుకోనేదు.

తరవాత మీ ఈది సివర ఆ బండి. నువ్వూ ఇన్నావు కదా? ఇద్దరు కూకుని ఉండీవోరట. ఏటీ అనీవోరు కాదు. నీ మొగుడు బయటికొస్తే హారను ఒక్కసారి కొట్టీవోరు. అంతే.

అప్పుడు ఆడిని దాసింది ఎవరు? పొత్తు కాదూ? అది సెప్పరేం గట్టు మీద! ముందు ఆటోనగర్లో అర్జునరావు షెడ్డు ఎనక. అక్కడా బండి కనపడితే ఇంకోసోటికి. నీకు కూడా సెప్పనేదు, నీ మంచికే. పొత్తులో తెలిసినోల్లం ముగ్గురమే. ఇప్పుడు దాసి లాభమేటి, ఇనుకో. దువ్వాడ. ఎంకటరమణమ్మ గారి ఇల్లు.

నువ్వు సూడనేదు ఆవిడని. గోదావరి సైడు మనిషి. మొగుడు స్టీలుప్లాంటు. ఇంట్లో జాకెట్లు కుడతాది. "మీరేం కంగారు పడకండమ్మా, మా తమ్ముడొచ్చాడని చెప్తానండి, మాకేం భయమండీ" అన్నాది. మన దొరబాబుని సూసి గోదావరి మనిషంటే ఎవడు నమ్ముతాడే! నోరిప్పితే తెలిసిపోదూ? అదే మాటంటే, "అయితే నోరు ఇప్పొద్దని చెప్తానండి" అన్నాది. అంత మంచి మనిషి.

పొద్దున్న ఆవిడే ఫోను సేసింది నాకు. ఎవరో ఇద్దరు మగోల్లు వచ్చినారట, జాకెట్టు గుడ్డ పట్టుకుని. కుట్టి పెట్టమన్నారట. "కొలతకి ఆది జాకెట్టు ఏదండీ?" అని అడిగితే ఒకడి మొకం ఒకడు సూసుకున్నారట. "మీకు తోచినట్టు కుట్టండి" అన్నారట. ఎవరి కొలతకే? ఏ ఆడది తొడుక్కుంటాదే ఆ జాకెట్టు? అలాగ అంటూ అరుగు మీద కూకున్నారట. కుట్టడం అయ్యేవరకూ ఉంటామన్నారట.

ఆ తరవాత ఆవిడ ఫోను కూడా పలకనేదు.

అర్జునరావుని ఒకసారి సూసి రమ్మన్నాను. ఎల్లినాడు. తలుపు బార్లా తీసుందట. మిషను సూది కింద గుడ్డ అలాగే ఉందట. ఫ్యాను తిరుగుతా ఉందట. ఇంట్లో పిట్ట నేదు. ఆవిడ మొగుడు డ్యూటీలోంచి పరిగెత్తుకొచ్చినాడట. ఇద్దరూ పోలీసు స్టేషన్లో ఉన్నారు ఇప్పుడు. నీకు సెప్పొద్దన్నాడు అర్జునరావు, ఏదో ఒకటి తెలిసేవరకూ.

లేవకే! ఎక్కడికి ఎల్తావు? ఆగు. కూకో. ఇంకా అవనేదు.

ముగ్గురిలో ఎవరు అని అడుగుతన్నావా?

అర్జునరావు కాదు. ఆ మాట నోటితో అనకు, కల్లు పోతాయి. ఎంకటరమణమ్మ గారు అంతకన్నా కాదు.

నిన్న ఒకాయన వచ్చినాడే ఒడ్డుకి. ఇస్త్రీ సొక్కా, మంచి మనిషిలాగ ఉన్నాడు. కోనాం సేప కావాలన్నాడు. మొప్ప ఎత్తి సూసినాడు, వేలితో నొక్కి సూసినాడు. సేప తెలిసినోడే. ధర సెప్తే బేరం ఆడనేదు. బేరమాడకుండా ఎవడే కోనాం కొనేది?

"సూర్యకళ గారూ, మీ వీడియో చూశామండీ. ఎంత బాగా పిలిచారు! మేం కూడా మీ పొత్తులో కలుద్దామనుకుంటున్నాం" అన్నాడు. "దొరబాబు గారికి మా వంతు సాయం మా చేతులతో ఇవ్వాలని. ఎక్కడున్నారో చెప్తే చాలు."

తెల్దన్నాను. ఒట్టు! తెల్దనే అన్నాను ముందు. పొత్తు సాయం పొత్తు సేతుల మీదే ఇవ్వాల, ఇడిగా ఇవ్వడం మా పద్ధతి కాదన్నాను. నవ్వినాడు.

"మీ ఎల్లాజీ చెప్పు తెగిందండీ. పిన్నీసు పెట్టుకుని నడుస్తున్నాడు. అది కాల్లో గుచ్చుకుంటే కష్టం కదండీ, ఈ వానల్లో. తల్లి దగ్గర లేకపోతే అంతే, పిల్లలు" అన్నాడు.

పోతమ్మా! నా పిల్లలు హాస్టల్లో ఉన్నారని ఆయనకి ఎవరు సెప్పినారు? నా మొగుడు గుజరాతు బోట్ల మీదికి ఎల్లిపోతే, ఇక్కడ నాను తెల్లారకముందే ఒడ్డుకి పోతే, ఇంటికాడ పిల్లల్ని సూసీవోల్లు నేరనే కదా అంత దూరం ఏసినాను! దినమూ ఫోనులోనే పెంచుతన్నాను. నీల్లు కాసినవి తాగినారా, తల దువ్వుకున్నావా, కప్పుకుని పడుకున్నావా అని. అన్నీ అడుగుతానే. సెప్పుల సంగతి అడగనేదు. సెప్పుల సంగతి ఎలగ అడుగుతాను?

ఆయన ఎదుటే వార్డెనుకి ఫోను సేసి, ఎల్లాజీకి ఇమ్మన్నాను. "నీ సెప్పు తెగిందేట్రా?" అన్నాను. "అవునమ్మా, నీకెవరు సెప్పినారు?" అన్నాడు. నవ్వుతన్నాడే, పిచ్చి గుంటడు.

ఆయన సేప సంచి ఈ సేతిలోంచి ఆ సేతిలోకి మార్చుకున్నాడు. ఏటీ అడగనేదు. ఒక్క మాట బెదిరించనేదు. అలాగ నిలబడి ఉన్నాడంతే.

దువ్వాడ అన్నాను.

దువ్వాడే అన్నాను! ఎంత పెద్దదే అది! రైలు స్టేషను, కాలేజీలు, ఎక్కడికక్కడ కొత్త ఇల్లు లేస్తన్నాయి. ఎక్కడని ఎతుకుతారులే అనుకున్నాను. ఆ ఒక్క మాటతో ఎల్లిపోతాడనుకున్నాను. ఇంకా నిలబడి ఉన్నాడు. సంచిలోంచి నీల్లు కారి ఇసకలో ఇంకిపోతన్నాయి.

ఇంటి నెంబరు సెప్పనేదు. ఈది పేరు సెప్పనేదు. ఆవిడ పేరు కూడా ఎత్తనేదు, ఆ సముద్రం మీద ఒట్టు. "కుట్టుమిషను సప్పుడు ఇనపడతాది" అన్నాను. అంతే. అంతే అన్నాను.

నమస్కారం పెట్టి ఎల్లిపోనాడు. డబ్బులు సరిగ్గా ఇచ్చినాడు.

తిట్టు. నన్ను కొట్టినా పడతాను. ఆయన ఎల్లగానే ఆవిడకి ఫోను సేద్దామని తీసినాను. ఏటని సెప్పాల? ఆడిని పంపీయండి అంటే, ఎందుకంటాది. ఎందుకంటే నానే సెప్పీసినాను అనాల. నోరు రానేదు. ఇంత నోరు ఉండి! పొద్దున్న ఆవిడే ఫోను సేసి జాకెట్టు సంగతి సెప్పినప్పుడైనా "ఎనక తలుపులోంచి పారిపోండి" అనొచ్చు కదా? "ఆ గుడ్డ తీసుకోకండమ్మా" అన్నాను. గుడ్డ తీసుకోకండి అని! అర్జునరావుకీ సెప్పనేదు. ఒకసారి సూసి రా అన్నాను, ఏటీ ఎరగనట్టు.

నీకే సెప్తన్నాను మొదట. ఎల్లు, స్టేషన్లో సెప్పు, సూర్యకళప్ప సెప్పిందని సెప్పు. ఆయన మొకం నాకు బాగా గుర్తు. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి సెప్తాను. పదవే, నానూ వత్తాను. సెప్పాక ఏమవుతాదో... సెప్తానులే. సెప్తాను.

ఏటి? ఏటన్నావు? ఇనపడనేదే, గట్టిగా అను.

పిల్లలా?

నా పిల్లలు బాగున్నారా అని అడుగుతన్నావా నువ్వు?

బాగున్నారే. బాగున్నారు. పెద్ద పిల్ల పొద్దున్నే ఫోను సేసింది. ఎల్లాజీ పేరు మీద పార్సిలు వచ్చిందట, కొత్త సెప్పులు. ఎవరు పంపినారో రాయనేదట. ఆడి కాలికి అచ్చంగా సరిపోనాయట.

తొడుక్కోమన్నాను. మరేటి సెయ్యమంటావు?