చువ్వకు గుచ్చింది ఎవర్ని?

“అసలు సిసలు డ్రాగన్ మాంసం” అని బోర్డు పెట్టిన బండి ముందు జనం బారులు తీరి ఉన్నారు. చువ్వలు తిప్పుతున్న బండివాడి మీద ఉన్నట్టుండి ఒక నీడ పడింది. తలెత్తి చూస్తే, బండి మీదికి మెడ వంచి ఒక ఆడ డ్రాగన్!

“ఏం నాయనా, చువ్వకు గుచ్చింది ఎవర్ని?”

“అమ్మా, కాస్త మెల్లగా. వెనక బేరాలున్నాయి.”

“మా ఆయన మొన్ననగా ఇల్లు వదిలి పోయాడు. నీ బోర్డు చూసి నా గుండె ఆగినంత పనైంది. ఆయనేనా?”

బండివాడు మనసులోనే లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే బేరాలు పోతాయి, అబద్ధమాడితే బండితో పాటు తానూ బూడిదైపోతాడు. బేరాలనైతే మళ్లీ పోగేసుకోవచ్చు.

“ఒట్టు తల్లీ, డ్రాగన్ కాదు,” అని గుసగుసలాడాడు. “ముసలి మేక. మసాలా దట్టించి, పొగ పట్టించాను.”

“వట్టి మేకా?”

“మేకేనని ఒట్టు వేయలేను గానీ, మీ ఆయన మాత్రం కాదు.”

ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుంది.

“నిజమే. ఆయన ఇంత మెత్తని మనిషి కాదు. అయితే బతికే ఉన్నాడన్నమాట! నేను వెళ్లి బతిమాలతానని ఏ గుట్ట చాటునో నక్కి చూస్తున్నాడు.”

“బోర్డు తీసేయమంటారా తల్లీ?”

“తీశావంటే ఊరుకోను!”

ఆవిడ జనం వైపు తిరిగి గొంతెత్తింది.

“రండి బాబూ రండి! అసలు సిసలు డ్రాగనే! పెళ్లాంతో పోట్లాడి ఇల్లు వదిలి పోయినవాడి మాంసం! బాగుందని కాస్త గట్టిగా అరవండి, గుట్టల దాకా వినబడాలి!”