దూది తిన్న పచ్చపండు

గుణదలలో మా వంటింటి గడప దగ్గర నేనూ, కోడలు శాంభవీ. మధ్యలో మనవరాలు సంయుక్త పెంచుకునే కుందేలు దూది, తల ఎత్తకుండా ఆయాసపడుతూ.

"మళ్ళీ చెప్పండి అత్తయ్యా. పొద్దున దీనికి ఏం పెట్టారు?"

"చెప్పాగా శాంభవీ, సీతాఫలం. కొత్తకాపు ఇంట్లోకొస్తే దేవుడికి చూపించి, నోరున్న ప్రతి ప్రాణికీ తలా కాస్త పెడతాం. పామర్రులో మా అమ్మ అయితే గేదెకి కూడా..."

"గేదె సంగతి కాదండీ. గింజలు తీశారా లేదా?"

"తీయకుండా పెడతానా? ఆ గింజలు నూరే కదా నీ ఆడపడుచు తలలో పేలు చంపింది. ఇదిగో, గిన్నెలో ఉన్నాయి. పెట్టింది ఒక్క తొన."

"డాక్టరుగారు లైన్లోనే ఉన్నారు. ఒక్క తొన గుజ్జుకి ఇంత ఆయాసం రాదంటున్నారు. ఇంకేం తిందని అడుగుతున్నారు."

"నేనింకేం పెట్టలేదు. నువ్వే టిఫినయ్యాక దాని గిన్నెలో ఏదో వేశావు. బ్రెడ్డు మీద రాసుకుంటావే, పచ్చగా, వెన్నలా..."

"అది... కొంచెమే అత్తయ్యా. పారేయడమెందుకని."

"ఆ పండు పేరు చెప్పు ఆయనకి."

"ఒంటికి మంచిది కదా అది, అందరూ..."

"చెప్పమ్మా."

"అవకాడో అండీ... అవును, తొక్కతో సహా... పొద్దున ఎనిమిదింటికి... అలాగేనండీ, వస్తున్నాం."

"ఏమన్నారు?"

"కుందేళ్ళకి అది విషమట. గుండె మీద పనిచేస్తుందట. వెంటనే తెమ్మన్నారు. బతుకుతుందని మాత్రం అనలేదు."

"ఆటో పిలువు. బుట్టలో తువ్వాలు పరిచా."

"నిన్న సంయుక్త అడిగింది అత్తయ్యా. అమ్మా, ఇది దూదికి పెట్టొచ్చా, ఫోన్లో చూసి చెప్పవా అని. చూసి చెప్తానన్నాను."

"చూశావా?"

"చూడలేదు."

"గేటు చప్పుడైంది. పిల్ల బస్సు దిగినట్టుంది."

"దానికేం చెప్పనండీ? ఇంక నా మాట నమ్ముతుందా?"

"నువ్వు బుట్ట పట్టుకో. మాట్లాడకు."

"నానమ్మా, దూదికేమైంది?"

"ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, బూట్లు విప్పకు. ఆ పచ్చపండు దీనికి పడలేదు తల్లీ."

"ఎవరు పెట్టారు? అమ్మ చూసి చెప్తానంది."

"చూసింది. వద్దనే చెప్పింది మీ అమ్మ. నేనే వినకుండా పెట్టాను."