తప్పు స్ప్రింగుది కాదు

సభాధ్యక్షులు, పదకొండేళ్లుగా మన షూటింగ్ క్లబ్బును అలుపెరగక ఏలుతూ, ఇంకెవరూ పోటీకి నిలబడకుండా అంతే అలుపెరగక చూసుకుంటున్న హార్లన్ డోబ్స్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, తిండి అయిపోతుందేమోనని వెనక బల్ల దగ్గరే నిలబడ్డ మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ముప్పై నాలుగేళ్లు ఈ మోంటానా ఊళ్లో తుపాకులు బాగుచేసి ఇవాళ కొట్టు వదులుతున్న నన్ను, అధ్యక్షులవారు ఇందాక 'క్లబ్బుకు వెన్నెముక' అన్నారు. నిరుడు వసంతంలో ఇదే మైకు ముందు, "లైల్ ప్రూయిట్‌ చేతిలో పనితనం పోయింది, వాడు వేసిన స్ప్రింగు వల్లే మన నెల్డా రాష్ట్ర పోటీల్లో ఓడింది" అన్నదీ ఆయనే. కాబట్టి ఏడాదిలో నాకింత ఎదుగుదల వచ్చినందుకు సంతోషించాను.

కొత్తవాళ్ల కోసం జరిగింది చెబుతాను. నెల్డా క్రాఫ్, అదిగో కిటికీ పక్కన తల వంచుకుని కూర్చున్నావిడ, మన క్లబ్బులో అందరికంటే గురి ఉన్న మనిషి. ఆమె పిస్తోలు పాతబడిందని అధ్యక్షులవారు దయతలచి, తమ బావమరిది కొట్టులో దానికి కొత్త పూత వేయించి కానుకగా ఇచ్చారు. పెళ్లికొడుకు బూట్లలా మెరిసింది. పోటీలో మూడో గుండు పేలాక, వెనక్కి వెళ్లిన పైభాగం తిరిగి ముందుకొచ్చి మూసుకోవాలి కదా, సగంలో ఆగిపోయింది. బొటనవేలితో నెడితే మూసుకుంది. మళ్లీ ఆగింది. పైభాగాన్ని ముందుకు తోసేది స్ప్రింగు. స్ప్రింగు వేసింది నేను. తీర్పు అయిపోయింది.

బావమరిదిగారు దానికి మందు కూడా కనిపెట్టారు: ఇంకా గట్టి స్ప్రింగు. దాంతో పైభాగం పూర్తిగా వెనక్కే పోక, పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి రాక లోపలే ఇరుక్కుంది. అప్పుడా స్ప్రింగునే రెండు చుట్లు కత్తిరించారు. ఇక అది ఏ పనికీ రాలేదు. ఆయన పట్టుదలను మెచ్చుకోవాలి. తన పూతను తప్ప అన్నిటినీ అనుమానించారు. (నవ్వులు)

మూడు నెలలు నెల్డా నా కొట్టు ముందునుంచి తల తిప్పుకుని వెళ్లింది. ఇరవై ఏళ్లుగా శనివారం కాఫీ నా దగ్గరే తాగిన మనిషి. నేను రెండు కప్పులు పెట్టడం మానలేదు. (ఆగి) సరే, అది వదిలేయండి.

జూన్‌లో ఒకరోజు వచ్చి పిస్తోలు బల్ల మీద పెట్టింది.

"నీ స్ప్రింగు నువ్వే చూసుకో. నాతో మాట్లాడకు."

"మాట్లాడనులే అమ్మా. చూడు, చాలు."

తూటా లేదని ఇద్దరం సరిచూసుకున్నాక, విప్పి, స్ప్రింగు తీసి పక్కన పెట్టాను. ఉత్త పైభాగాన్ని గాడుల్లోకి ఎక్కించి ఆమె చేతికిచ్చి, వంచమన్నాను. బాగున్న పిస్తోలైతే దాని బరువుకే అది జారాలి. కదల్లేదు. నిలువుగా పట్టుకుంది. అయినా కదల్లేదు.

"స్ప్రింగేదీ?"

"నీ మోచేతి దగ్గర."

"మరి దీన్నేం పట్టుకుందయ్యా?" అంటూ గాడిలో గోరు పెట్టి గీసింది. గోటి కింద నల్లగా పూత. పైకి కనిపించని గాడుల్లో కూడా మందంగా పూసి పెట్టారు. గోరు గుడ్డకు తుడుచుకుంది.

"ఒక్క మాట నాకు చెప్పొచ్చుగా, లైల్?"

"నువ్వు అడగొచ్చుగా?"

గాడులు శుభ్రం చేసి, సరైన స్ప్రింగు వేశాను. ఆ మధ్యాహ్నం రెండు వందల గుండ్లు కాల్చింది, ఒక్కసారీ ఆగలేదు. తర్వాతి సమావేశంలో ఆమె లేచి ఇదంతా చెప్పబోతే, అధ్యక్షులవారు "సమయం మించిపోయింది" అని మైకు కట్టేశారు. హార్లన్, ఆ స్విచ్చు దగ్గరకు పోకు, కూర్చో. (నవ్వులు)

నవ్వకండి. హార్లన్ మీద నాకు కోపం లేదు. పాపం, ఆయనకు బావమరిది ఉన్నాడు. కానీ ఈ హాల్లో అరవై మంది ఉన్నారు. మీ అందరి తుపాకులూ నా చేతిలోంచి వెళ్లినవే. ఆ మూడు నెలల్లో ఒక్కరూ నా తలుపు తట్టి, 'ఏం జరిగింది లైల్?' అనలేదు. కళ్లు మసకబారి మానేస్తున్నానని ఆహ్వానపత్రంలో నేను వేయించింది మర్యాద కోసం. నా కళ్లకేం కాలేదు. ఇక్కడినుంచి మీరందరూ బాగానే కనిపిస్తున్నారు.

కుర్చీలు వేసినవారికి, వంట చేసినవారికి, వినక తప్పని మీకు కృతజ్ఞతలు. సోమవారం నుంచి కొట్టు నెల్డాది. ఆ జూన్ నుంచి నా పక్కనే పని నేర్చుకుని, ఆమె నాకంటే మంచి పనిమంతురాలైంది, నాకంటే ఓపిక తక్కువ. మీకు తగిన మనిషి. ఇక నాకు సెలవిప్పించండి.