బురుజుల నడుమ పొద్దు

హాస్పిటల్ గదిలో అక్క మంచం మీదికి భోజనం బల్ల లాగి, చెల్లెలు మళ్ళీ టారో కార్డులు పరిచింది. బొమ్మలు చూసి జాతకం చెప్పడమే ఇద్దరి వృత్తీ. చెల్లెలికి ఆ పని నేర్పింది అక్కే.

"మృత్యువు కార్డు తీసేశావు కదూ?"

"లేదే! నీకన్నీ అనుమానాలే అక్కా."

"పిచ్చిమొహమా, పొద్దుట్నుంచీ పరుస్తూనే ఉన్నావు, అన్నీ పూలూ నక్షత్రాలేనా? నా దగ్గరా నీ వేషాలు? బయటికి తియ్యి."

"...బ్యాగులో దాచాను. ఇదిగో."

"ఏం కనిపిస్తోందో చెప్పు. నేర్చుకునేటప్పుడు అప్పజెప్పేదానివే, అలాగ."

"తెల్లగుర్రం మీద అస్థిపంజరం. కింద రాజు పడిపోయాడు. పక్కనమ్మాయి మొహం తిప్పేసుకుంది."

"అది నువ్వే. ఇంకా?"

"చిన్నపిల్ల ఒక్కతే తలెత్తి చూస్తోంది."

"నేను ఆ పిల్లలా ఉండాలనుకున్నానే. ఉండలేకపోతున్నా. సరే, వెనకాల?"

"రెండు బురుజులు, మధ్యలో పొద్దు పొడుస్తోంది. ఇది చావు కాదు, కొత్త మొదలు అని అందరికీ నువ్వేగా చెప్పేదానివి."

"పొడుస్తోందో, గుంకుతోందో బొమ్మలో ఎక్కడుందే? రెండూ ఒకలాగే ఉంటాయి."

"మరి ఇన్నేళ్ళూ..."

"ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహం చూసి అలా చెప్పేదాన్ని. ఇప్పుడు ఎదురుగా నేనున్నాను. చెప్పు."

"వద్దక్కా."

"నా మొహం చూసి చెప్పవే."

"...పొడుస్తోందక్కా."

"అంతే. పని వచ్చేసింది నీకు. కాకపోతే, చెప్పేటప్పుడు అలా ఏడవకూడదే."