పెంకులు వెళ్లే దారి

కాలువ గట్టున పెంకుల బట్టీ. ఆరబెట్టిన వరసల మధ్య ఇద్దరు: బట్టీ నడిపే కూతురు, ఆ పెంకుల్ని పడవలో పట్నానికి చేరవేసే తండ్రి.

“అది కాదు నాన్నా, నే చెప్పేది పూర్తిగా విను.”

“వింటున్నాగా. ఈ గడ్డి తడిసింది, చూశావా?”

“గడ్డి సంగతి తర్వాత. కొత్త బట్టీ కట్టాలని చెప్పానా?”

“చెప్పావు. కట్టు. ఎవరొద్దన్నారు?”

“ఎక్కడ కట్టాలన్నదే... నువ్వు బాధపడనంటే చెప్తాను.”

“నాకెందుకు బాధ?”

“అందరూ రైలుస్టేషను వైపు పోతున్నారు. తాళ్లు పేనేవాళ్లు పోయారు. కమ్మరి మామయ్య కూడా కొలిమి ఎత్తుకుపోయాడు. ఇక్కడ మిగిలింది మనమూ, కప్పలూ.”

“కప్పలు మంచివే. బేరాలాడవు.”

“నాన్నా.”

“సరే సరే. మీ అమ్మ ఇక్కడే బట్టీ ఎందుకు పెట్టిందో తెలుసా?”

“మట్టి బాగుంటుందని.”

“మట్టి ఎక్కడ లేదు? నా పడవ ఇక్కడ ఆగేది, అందుకు. బండి మీద వేస్తే గతుకులకి సగం పెంకులు ముక్కలయ్యేవి. పడవలో అయితే ఉయ్యాల్లో పసిపిల్లలా నిద్రపోతూ వెళ్లేవి. బట్టీ వచ్చాక కట్టెల అడితి వచ్చింది, కూలీల కోసం కొట్లొచ్చాయి. ఆ తర్వాతే ఈ ఊరు.”

“చిన్నప్పుడు నాకు జోలపాట బదులు అదేగా చెప్పేవాడివి. అందుకే నోరు రాక వారం నుంచి నసుగుతున్నాను.”

“నసగడం మీ అమ్మ పోలిక.”

“నువ్వేం తక్కువా? పడవ మాటెత్తితే చాలు, ఏదో పనున్నట్టు లేచిపోతున్నావు.”

“కాలువలో నీళ్లు తగ్గాయి కదమ్మా. దిగువ రేవులో కట్టాను. సరుకు అక్కడిదాకా బండి మీద తోలిస్తున్నాను. ఇందులో చెప్పడానికేముంది?”

“ఏమీ లేదులే. నిన్న పట్నం షావుకారు వచ్చాడు.”

“ఎందుకు? ఏమన్నాడు? ఏమైనా అన్నాడా?”

“కంగారెందుకు? ఈ వేసవంతా ఒక్క పెంకు కూడా పగల్లేదట. ఇంత పదిలంగా ఎప్పుడూ రాలేదన్నాడు.”

“ఎప్పుడూ రాలేదన్నాడా? అంటే అంతకుముందు పగిలేవనా?”

“గంపకి రెండో మూడో పగిలేవట.”

“వాడి మొహం. వాడే కింద పడేసి ఉంటాడు.”

“మెచ్చుకుంటే మండిపడతావేం? అది విన్నాక మనసు మార్చుకున్నాను నాన్నా. రైలు కుదుపులకి నా పెంకుల్ని అప్పగించలేను. కొత్త బట్టీ కూడా ఇక్కడే, నీ పడవ పక్కనే.”

“ఇక్కడా?”

“ఇక్కడే. రేపే పునాది తీయిస్తాను.”

“తొందరేముంది? దోమలు కూడా ఎక్కువ ఇక్కడ.”

“పుట్టినప్పట్నుంచీ కుడుతూనే ఉన్నాయిగా.”

“అయినా రైలు మరీ అంత కుదపదమ్మా.”

“నువ్వెప్పుడెక్కావు?”

“నేనెక్కలేదు. ఎక్కించాను.”

“ఏం ఎక్కించావు?”

“మెల్లగా మాట్లాడు, పనివాళ్లు వింటారు.”

“నాన్నా, పడవ ఎక్కడుంది?”

“ఎండలు మొదలవగానే ఇసుక తోలేవాళ్లకి అమ్మేశాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు. స్టేషను గోడ పక్కన నీ పేరు మీద జాగా కొని ఉంచాను, పునాది అక్కడ తీయించు.”