ఇకు వదిన చూసిన చుక్కలు

ఏం చదువుతున్నావే సచీ? మళ్ళీ చదువు. ప్రాణమున్నవి కదులుతాయి, తింటాయి, గాలి పీలుస్తాయి, పెరుగుతాయి, పిల్లల్ని కంటాయి... ఊఁ. ఆ కింద బొమ్మేమిటి, మైక్రోస్కోపా? ఇలా ఇయ్యి. ఇది అక్షి కటకం, ఇది వస్తు కటకం, అడుగున వెలుగు పట్టే దర్పణం. నాకెలా తెలుసంటావేమిటే, బళ్ళో చదివితేనే తెలుస్తాయా? మా ఇంట్లో ఉండేది ఒకటి. మా ఇకు వదినది. నువ్వు చూళ్ళేదులే, మీ అమ్మ పుట్టకముందే పోయింది.

మాది పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే ఇల్లు కదా. చికుమా ఏటి పొడుగునా చాలా ఊళ్ళకి మా నాన్న గెంజో ఇచ్చిన గుడ్లే. ఆయన పురుగుల్ని పురుగులనేవాడు కాదు, ఆఖరికి గుడ్లు కూడా దొరవారే. "దొరవారు భోంచేస్తున్నారు, అడుగుల చప్పుడు చెయ్యకండి" అనేవాడు. మా కడుపులు కాలినా సరే, ముందు దొరవారికి మల్బరీ ఆకు పడాలి. మా అన్నకి జ్వరమొస్తే కూడా అంత కంగారు పడలేదు, పాపం మా అన్న... సరే, అదలా ఉంచు. రెక్కలొచ్చిన తల్లి పురుగు కాగితం మీద గుడ్లు పెట్టాక, ఆ తల్లిని నీటిచుక్కతో నూరి మైక్రోస్కోపు కింద చూడాలి. అందులో సన్నటి చుక్కలు కనబడితే మచ్చల రోగమన్నమాట, ఆ గుడ్లు కాల్చెయ్యాలి. కాల్చకుండా అమ్మితే, వచ్చే వసంతంలో కొన్నవాళ్ళ పురుగులన్నీ నల్లబడి చస్తాయి. ఆ చూసే పని వచ్చనే వదినని కోడలిగా తెచ్చుకున్నాడు నాన్న. "బాగున్నాయి మామయ్యా" అన్నన్నాళ్ళూ బాగానే చూసుకున్నాడు.

ఒక వేసవి పొద్దున వదిన మా తాతల నాటి రకం పురుగుల్ని చూస్తోంది. చూసింది, మళ్ళీ చూసింది. "చుక్కలున్నాయి మామయ్యా" అంది చివరికి. అద్దం తుడవమన్నాడు నాన్న. తుడిచింది. ఉన్నాయి. అక్షి కటకాన్ని చుట్టూ తిప్పింది. మురికైతే దాంతోపాటే తిరగాలిట, తిరగలేదు. ఇంకో తల్లిని నూరింది, ఇంకోదాన్ని నూరింది, అన్నిట్లోనూ అవే. ఇహ నాన్న గొంతు మారిపోయింది. మా తాత ముత్తాతలకి లేని రోగం నీ కంటికే కనబడిందా, కళ్ళు బాగోకపోతే పుట్టింటికెళ్ళి బాగుచేయించుకో అన్నాడు. ఆయన వెళ్ళమంటే వెళ్ళడమే, అడ్డేవాడెవడు? మా అన్న చాప వంక చూస్తూ కూర్చున్నాడు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది తలుచుకుంటే. "చుక్కలేమైనా కదులుతున్నాయా? తింటున్నాయా? కదలని చుక్క రోగమెలా అవుతుంది?" అని నిలదీశాడు నాన్న.

వదిన ఆ గుడ్ల కాగితం ఎత్తి ఆయన ముందు పెట్టింది. "ఇవీ కదలవు, తినవు. చలికాలమంతా ఇలాగే పడుంటాయి. మరి వీటిని దొరవారని ఎందుకంటారు మామయ్యా?"

నాన్న చెంప పగలగొడతాడనుకున్నాను. కొట్టలేదు. గుడ్ల వంక చూశాడు, వెళ్ళి మైక్రోస్కోపు ముందు కూలబడ్డాడు. అన్నేళ్ళలో అందులోకి తొంగి చూడలేదే మహానుభావుడు! కన్ను గట్టిగా ఆనించి, "ఇదా మీ రోగం? నల్లగా పుల్లల్లాగున్నాయి" అన్నాడు. అవి ఆయన కనురెప్ప వెంట్రుకలే తల్లీ! కొత్తవాళ్ళందరికీ అవే కనబడతాయిట. ఎవరూ నవ్వలేదు. వదిన వెనకనించి వచ్చి, కోడలుపిల్ల, మామగారి తల రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం వెనక్కి జరిపింది. మర సవరించింది. అంతే, ఆయన కదల్లేదు. ఎంతసేపు చూశాడో. "మెరుస్తున్నాయి" అన్నాడు, చిన్నగా.

ఆ రకం గుడ్లన్నీ ఆయనే పెరట్లో కాల్చాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. కాలేటప్పుడు చిటపటమన్నాయే. అప్పుడేడ్చాడు. మరి బతికున్నవే కదా అవి.

మా రోజుల్లో స్నానానికి ఇంటిల్లిపాదికీ ఒకే తొట్టి వేణ్ణీళ్ళు, ఒకరి తర్వాత ఒకరం అందులోనే దిగేవాళ్ళం. ముందు నాన్న, తర్వాత అన్న, చిన్నపిల్లని నేను కూడా వదిన కంటే ముందే. కోడలు ఆఖర్న, చల్లారిన మురికినీళ్ళలో. ఆ సాయంత్రం నీళ్ళు కాగాయని చెబితే నాన్న ఒంటినిండా మసితో అలాగే గడప మీద కూర్చుని, "ముందు ఇకుని చెయ్యమను" అన్నాడు. వదిన వెళ్ళింది. తలుపేసుకుంది. ఎంతసేపటికీ నీళ్ళ చప్పుడే లేదు... తలుపు సందులోంచి చూస్తే, ఆవిర్లొస్తున్న ఆ తేటనీళ్ళ ముందు కూర్చుని నీళ్ళలోకే చూస్తోంది.

ఆ బొగ్గులు కొంచెం ఎగదొయ్యి సచీ, ఆరిపోతున్నాయి.