ములాఖత్‌లో మా యాడి ఏడుపు గురించి

మహబూబాబాద్ సివిల్ కోర్టు, 2025 జూలై 15, ఉదయం 11.30.

నా పేరు బానోతు జైపాల్. తండ్రి బీక్యా, చనిపోయిండు. వయసు నలభై ఒకటి. మాది గార్ల మండలంల ఒక తండా. భూపాలపల్లిల బొగ్గు లారీ నడిపేటోణ్ని. ఒక కొట్లాటల మనిషి చనిపోతే శిక్ష పడ్డది. ఏడేండ్ల సంది జైల్ల ఉన్న. ఆ శిక్ష మీద నాకు పేచీ లేదు. ఈ దావా వేరే. వాదిని నేనే, వకీలు లేడు. నా తరఫున ప్రశ్నలు అడిగేటోడు లేడు గనుక జరిగింది వరుసగా చెప్పుమని జడ్జి మేడం అన్నరు. ప్రమాణం చేసి చెప్తున్న.

2024 మార్చి 12, మంగళవారం, పొద్దున 11.20కి మా యాడి గోరీ జైలుకు నన్ను చూడ ములాఖత్‌కు వచ్చింది. యాడి అంటే అమ్మ. ఆమెకు డెబ్బై దగ్గర. నన్ను చూడంగనే ఇనుప జాలీ పట్టుకొని, తల దానికి ఆనిచ్చి, రాగం తీసి ఏడ్చింది. గొంతు పెద్దదే, ఒప్పుకుంట. ఐదు నిమిషాలు కాకముందే జైలోళ్లు ఆమెను బయటికి తోలుకపోయిండ్రు. గొడవ చేసింది, తెలియని భాషలో ఎవరివో పేర్లు చెప్పి సమాచారం అందించింది అని రిపోర్టు రాసి, ఆమె రాక బందు పెట్టిండ్రు. పదహారు నెలలాయె.

మా లంబాడోళ్లల్ల చాన్నాళ్లకు కలిసిన మనిషిని ఆడోళ్లు బాగున్నవా అని అడుగరు. ముందుగాల మెడ పట్టుకొని ఏడుస్తరు. దాన్ని ఢావ్లో అంటం. ఆ మనిషి లేని రోజులల్ల ఇంట్ల జరిగిందంతా ఆ ఏడుపులనే చెప్తరు. అయిపోయినంకనే మాటలు.

ఒకసారి తోటి డ్రైవర్ నగేష్‌ను ఇంటికి తోలుకపోయిన. యాడి వాకిట్లనే నా మెడ పట్టుకున్నది. నగేష్ చెప్పులు ఇడిసి, ఎవరు పోయిండ్రని చెవుల అడిగిండు. ఎవరూ పోలేదు, మొక్కజొన్నకు పురుగు పట్టింది, గదే చెప్తున్నది అన్న. భూపాలపల్లి చేరేదాక నవ్విండు. నాకు సిగ్గయింది. అప్పటి సంది, చాలు తియ్యి యాడీ అని మెడ ఇడిపించుకునేటోణ్ని. ఆమె కొంగుతోని మూతి తుడుసుకొని మిగిలింది మింగేది. ఆ వాకిలి, ఆ గాజుల చప్పుడు, మెడ మీద ఆ తడి దినాం యాదికొస్తయి. గిప్పుడు దానికోసమే కోర్టుకెక్కిన.

దావా మొదలు వాపసు వచ్చింది. సర్కారు మీద ఏసేముందు రెండు నెలల నోటీసు ఇయ్యాలంట, నాకు అప్పుడు తెల్వదు. నోటీసిచ్చి, ఆగి, మళ్ల నా చేతితోనే రాసి పంపిన.

సర్కారు వకీలు అడిగితే చెప్తున్న: జైలు రిపోర్టుల ఉన్న పేర్లల్ల రామి అంటే మా మేనత్త, ఆ నెలలనే చనిపోయింది. గంగి మా బర్రె, ఈనింది. రహస్యం ఏమీ లేదు. ఆ తర్వాత మా బాపు మాట ఎత్తింది, అప్పుడే తోలుకపోయిండ్రు. బాపు అప్పటికి బతికే ఉన్నడు. ఏం చెప్పబోయిందో నాకు తెల్వదు. మూడు నెలలకు ఆయన చనిపోయిండని ఉత్తరం వచ్చింది.

ఆమె రాకను మళ్ల ఒప్పుకోవాలని కోరుతున్న. ఇంకొక్క మనవి. నా తర్వాత రెండో సాక్షి మా యాడే. వరండాల కూసున్నది. నన్ను చూడంగనే ఏడుస్తది. అది గొడవ కాదు. అయిపోయేదాక ఎస్కార్టు పోలీసులు ఆమెను ఆపొద్దు.

ఇది నాకు చదివి వినిపించిండ్రు. నేను చెప్పినట్టే ఉన్నది. కలిపింది లేదు, దాచింది లేదు.

సంతకం: బానోతు జైపాల్, వాది

కోర్టు నమోదు: వాది రెండో సాక్షి గోరీని పిలవడమైనది. 12.10 నుండి 12.31 వరకు విచారణ నిలిపి ఉంచడమైనది. తరువాత సాక్షి ప్రమాణం చేసినది.